కరుణమ్మ గారి పన్నెండు సంచులు

మొన్న మా ఇంటికి ఫ్రిజ్జు వచ్చింది. మర్నాడు పొద్దున్న ఐసు ట్రేని తడిచేత్తో లాగబోతే చూపుడువేలి కొస మంచు పట్టిన రేకుకి అతుక్కుపోయింది. విడదీస్తే సన్నని చప్పుడు, ఆ వెంటనే మంట. "చల్లటిది పట్టుకుని కాలిందంటారేమిటండీ?" అని మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మంట నాకు పాతదే. ఏడేళ్ళ కిందట, చేపలరేవు పక్కన రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో, అది రోజుకి పదిసార్లు తగిలేది. కరుణమ్మ గారు దగ్గరుంటే చేతిసంచిలోంచి గాజుగుడ్డ ముక్క తీసిచ్చి, "చెయ్యి తుడుచుకుని పట్టుకో నాయనా, ఎన్నిసార్లు చెప్పాలి" అనేవారు. ఆవిడ గుర్తొస్తే నాకు ముందు సిగ్గు వేస్తుంది. గౌరవమూ, కృతజ్ఞతా ఉన్నాయి. అవి సిగ్గు వెనక వరసలో నిలబడి ఉంటాయి.

ఆవిడ కొండవాలు మీద ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో, రక్తం తీసి నిలవచేసే గదికి టెక్నీషియను. అప్పటికి నలభై అయిదేళ్ళుండవచ్చు. పొట్టి మనిషి, మోచేతుల దాకా జాకెట్టు, సన్నంచు తెల్లచీర, మణికట్టు లోపలివైపుకి తిప్పి కట్టుకున్న గడియారం. నడుస్తున్నా మాట్లాడుతున్నా పెదవులు మెల్లగా కదులుతూ ఉండేవి. ప్రార్థన చేసుకుంటున్నారనుకునేవాణ్ణి. తరవాత తెలిసింది, నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నారని. నేను అప్పుడు ఇరవై మూడేళ్ళవాణ్ణి. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. నేను మెకానికల్ డిప్లొమా చేసి, రొయ్యల ఫ్యాక్టరీలో శీతల యంత్రాలు చూసుకునే ఆపరేటరుగా చేరాను. నా గొప్పంతా నా లాగ్ షీటులో ఉండేది. గంటగంటకీ పీడనాలు, గది ఉష్ణోగ్రత, నీటి మట్టం, నూనె మట్టం అయిదు గళ్ళలో అచ్చు వేసినట్టు రాసేవాణ్ణి. మేనేజరు కొత్తవాళ్ళకి నా షీటు చూపించి, "ఇలా రాయండయ్యా" అనేవాడు.

ఆవిడ మొదటిసారి వచ్చినరోజు చేతిలో ఐసుపెట్టె, యజమాని సంతకం చేసిచ్చిన ఉత్తరం ఉన్నాయి. ఉత్తరం చదివి మేనేజరు తల గోక్కుని, "మూర్తీ, ఈవిడేదో చల్లబరచాలట, చూడు" అని తప్పుకున్నాడు. ఆవిడ సూటిగా అడిగారు: "మీ ప్లేటు ఫ్రీజరు ఎంతకి దిగుద్ది?"

"మైనస్ నలభై అండి."

"ఎంతసేపట్లో బిగుస్తాది?"

"రొయ్యల పలకకైతే గంటన్నర అండి."

"రొయ్యల సంగతి నాకెందుకు, ఇది చెప్పు" అని పెట్టె తెరిచారు. లోపల నాలుగు ప్లాస్టిక్ సంచులు, వాటిలో లేత తేనె రంగు నీరు. నెత్తుర్లోంచి ఎర్రకణాలను వేరుచేస్తే మిగిలే ప్లాస్మా అది. కొందరు మగపిల్లలు పుట్టుకతోనే నెత్తురు సరిగా గడ్డకట్టని జబ్బుతో పుడతారనీ, గడ్డకట్టించే పదార్థం మామూలు మనుషుల ప్లాస్మాలో ఉంటుందనీ ఆవిడే చెప్పారు. ప్లాస్మాని వేగంగా రాయిలా బిగిసేలా చల్లబరచాలి. తరవాత ఆసుపత్రి ఫ్రిజ్జులో మెల్లగా కరగనివ్వాలి. నీరు కిందికి జారిపోతుంది, సంచి మూలలో చారెడైనా లేని తెల్లటి ముద్ద కరగకుండా మిగులుతుంది. దాని పేరు క్రయో. ఆ ముద్దే మందు. దాన్ని మళ్ళీ బిగించి, వాడే రోజు దాకా బాగా చల్లగా ఉంచాలి. ఆసుపత్రిలో అంత చల్లటి పెట్టె లేదు. ఊళ్ళో అంత చల్లదనం ఉన్నవి రొయ్యలే.

బిగించే ముందు ఆవిడ ప్రతి సంచికీ ఒక రబ్బరు బ్యాండు తొడిగేవారు. బిగిశాక దాన్ని కత్తిరించి తీసేస్తే, ముద్ద మీద సన్నని గాడి మిగిలేది. "ఈ గాడి కనపడినంతకాలం ఇది కరగలేదని లెక్క. మధ్యలో కరిగి మళ్ళీ బిగిస్తే గాడి పూడిపోద్ది. గాడి పోతే మందు పోయినట్టే. కాగితం అబద్ధం చెప్పొచ్చు గానీ ఇది చెప్పదు" అన్నారు.

నాకు కొంచెం కోపం వచ్చింది. "మా కాగితం కూడా అబద్ధం చెప్పదండీ" అన్నాను.

ఆవిడ గోడకి తగిలించిన షీటు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, పై గడి నుంచి కింది గడి దాకా చదివారు. "నీ కాగితాన్ని అనలేదులే నాయనా. ఇంత శుభ్రంగా రాసేవాడు అబద్ధం ఎందుకు రాస్తాడు" అన్నారు.

ఆపరేటర్లలో ఒక అలవాటుండేది. ముల్లు గంటల తరబడి ఒకే అంకె దగ్గర నిలబడి ఉంటే, ప్రతి గంటకీ లేచి వెళ్ళి చూడటం ఎందుకని, షిఫ్టు మొదట్లోనే ఎనిమిది గంటల అంకెలూ రాసేసేవారు. ఎవరూ దాన్ని మోసమనుకునేవారు కాదు. నేను మొదటి ఏడాది అలా చెయ్యలేదు. రెండో ఏడాది చెయ్యడం మొదలుపెట్టాను. అన్నీ ఒకే అంకె అయితే అనుమానం వస్తుందని, మధ్యలో ఒకటి రెండు చోట్ల సగం డిగ్రీ తేడా వేసేవాణ్ణి కూడా. మిగతావాళ్ళకి ఆ తెలివి లేదు. కరుణమ్మ గారు మెచ్చుకున్నరోజు గోడ మీద ఉన్న షీటు అలాంటిదే. పదకొండు గంటలకి ఆవిడ చదివిన కాగితంలో రెండు గంటల అంకె కూడా ఉంది. ఆవిడ అది గమనించలేదు. నేను గమనించాను, ఊరుకున్నాను.

ఆ మందు ఎవరికోసమో ఒకరోజు ఆవిడే తీసుకొచ్చి చూపించారు. పేరు అప్పన్న, జాలరిపల్లె యారాడలో వలలు బాగుచేసేవాడు, ఇరవై ఆరేళ్ళు. చిన్నప్పటి నుంచి మోకాళ్ళలో లోలోపలే నెత్తురు కారి కారి, కీళ్ళు బిగుసుకుపోయాయి. సముద్రం మీదికి వెళ్ళలేడు. ఒడ్డున కూర్చుని చెక్క సూదితో వల అల్లుతాడు. చుట్టూ ఎవరూ కత్తి పెట్టకూడదు, దారం పళ్ళతో కొరుకుతాడు. కర్ర ఊతతో ఫ్యాక్టరీ గేటు దాటి వస్తూనే నన్ను పలకరించాడు.

"నా మందు రొయ్యల పక్కన పడుకుంటాదంటే సూద్దారని వచ్చినాను బావా. అది ఎక్కించినాక నానూ రొయ్యలాగ ఒంగిపోతానేటి?"

వాడే తన మోకాలు చూపించి, "ఇప్పటికే సగం ఒంగినాను, మిగతా సగం నువ్వు సూసుకో" అన్నాడు. కరుణమ్మ గారు నవ్వు ఆపుకోవడానికి గడియారం వైపు చూశారు.

వాడి బాధ మోకాలు కాదు, అప్పటికి దవడ పన్ను. పుచ్చి, చీము పట్టి, రెండేళ్ళుగా నిద్రపోనివ్వడం లేదు. ఏ డాక్టరూ ముట్టుకోనన్నాడు. ఎనిమిదేళ్ళప్పుడు పాలపన్ను ఊడితే ఇరవై రోజులు కారిందట. "ఈ పన్నుని నాను తినడం మానేసినాను, ఇది నన్ను తింటం మాననేదు" అన్నాడు. కరుణమ్మ గారి ఆసుపత్రి డాక్టరు ఒక మాట ఇచ్చాడు: పన్నెండు సంచుల క్రయో ముందుగా సిద్ధం చేసి పెట్టుకుంటే పన్ను తీస్తాను. ఒక్కో సంచికీ ఒక మనిషి నెత్తురు కావాలి. పన్నెండు మంది కావాలి.

ఒక ఆదివారం ఆవిడతో నేనూ యారాడ వెళ్ళాను. ఇసకలో పడవల నీడన మగవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆవిడ మాట్లాడారు. చాలాసేపు ఎవరూ లేవలేదు. నెత్తురు తీస్తే తెడ్డు వెయ్యడానికి సత్తువ ఉండదని వాళ్ళ భయం. చివరికి అప్పన్న మేనమామ నూకరాజు లేచాడు. తండ్రి లేని అప్పన్నని ఎత్తుకుని పెంచినవాడు అతనే. లేచాడు గానీ తల వంచుకునే ఉన్నాడు.

"అమ్మా, నాను పొద్దోతే పుచ్చుకుంటాను. నా నెత్తురు ఎక్కితే ఈడికి మత్తొచ్చేత్తాదేమో."

అతని భార్య సన్యాసమ్మ వెనక నుంచి అందుకుంది. "ఈడి నెత్తురు ఎక్కిందంటే గుంటడు కూడా ఇంటికి దారి మర్సిపోతాడమ్మా!"

పడవలు దద్దరిల్లేలా నవ్వారు. కరుణమ్మ గారు మాత్రం నవ్వకుండా, "వారం రోజులు మానేసి రా నూకరాజూ. నీ నెత్తురే మొదటి సంచి" అన్నారు. అతను వారం మానేశాడు. యారాడలో అదొక వింతగా చెప్పుకున్నారు. ఎనిమిదోరోజు పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, అందరికంటే ముందు ఆసుపత్రికి వచ్చి కూర్చున్నాడు. అతన్ని చూసి మిగతా పదకొండు మందీ వచ్చారు. నా చేతిరాత బాగుంటుందని పన్నెండు లేబుళ్ళూ ఆవిడ నా చేతే రాయించారు. ఒకటి, నూకరాజు. అక్కడి నుంచి పన్నెండు దాకా. పన్ను తీసే రోజు నిర్ణయమైంది. సంచులు నా శీతల గదిలో, తలుపు పక్క అరలో ఉన్నాయి.

సింహాచలంలో చందనోత్సవం ఆ వైశాఖంలోనే వచ్చింది. స్వామి నిజరూప దర్శనానికని మా అక్కాబావలు రాజమండ్రి నుంచి వచ్చారు. ఫ్యాక్టరీకి సెలవు. అంతకు ముందురోజే సరుకంతా ఓడకి ఎక్కిపోయి గది ఖాళీగా ఉంది, ఆ పన్నెండు సంచులు తప్ప. పగలంతా డ్యూటీ మాత్రం నాది. పొద్దున్న ఆరింటికి వెళ్ళి ముల్లు చూశాను, మైనస్ ఇరవై రెండు. సాయంత్రం దాకా అంకెలన్నీ రాసేశాను. రెండు చోట్ల సగం డిగ్రీ తేడా వేశాను. వాచ్‌మన్‌కి చెప్పి మెట్ల వరసలో నిలబడటానికి వెళ్ళిపోయాను.

తిరిగి వచ్చేసరికి అయిదయింది. గేటు దగ్గరే అర్థమైంది, చప్పుడు లేదు. వేసవి కదా, కండెన్సరుకి నీళ్ళిచ్చే తొట్టి ఎండిపోయి యంత్రం తనంతట తనే ఆగిపోయింది. శీతల గది తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో గోనె పరుచుకుని వాచ్‌మన్ తాత పడుకుని ఉన్నాడు.

"ఎండ పేల్సేత్తంటే కాసింత సల్లగా ఉంటాదని తలుపు తీసినాను బాబూ. మెసీను సప్పుడు నేదు. పండగ గదా, నువ్వే ఆపీసి ఎల్లినావనుకున్నాను."

ముల్లు సున్నాకి పైన పదకొండు దగ్గర ఉంది. అరలో సంచులు మెత్తగా ఉన్నాయి. ముద్దలు కరిగి మూలలకి జారాయి. పన్నెండింటిలో ఒక్కదాని మీద కూడా గాడి లేదు.

అప్పుడు నేను చేసినది వరసగా రాస్తాను. తొట్టికి నీళ్ళు పెట్టించాను. యంత్రం మొదలుపెట్టాను. తాతతో ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దన్నాను. అతని ఉద్యోగం పోతుందని భయపెట్టాను. ప్యాకింగ్ గదిలోకి వెళ్ళి పన్నెండు రబ్బరు బ్యాండ్లు తెచ్చాను. ఒక్కో సంచినీ సరిచేసి, ఆవిడ తొడిగినచోటే తొడిగి, ప్లేటు ఫ్రీజరులో పెట్టాను. బిగిశాక కత్తిరించాను. గాడులు చక్కగా వచ్చాయి. చేస్తున్నంతసేపూ నాకు నేను కారణాలు చెప్పుకున్నాను. ఎండలో పెట్టలేదు కదా. కొన్ని గంటలే కదా. రంగు మారలేదు కదా. రొయ్యలైతే కరిగి మళ్ళీ బిగిసినా ఎవరికీ తెలియదు కదా. ఆ మందులో సత్తువ ఎంత మిగిలిందో కొలిచే సాధనం ఆ ఆసుపత్రిలో లేదు. అప్పన్న నోరే కొలత అవుతుందని నాకు తెలుసు. తెలిసే చేశాను.

నాలుగోరోజున పన్ను తీశారు. సంచులు ఐసుపెట్టెలో పెట్టి నేనే తీసుకెళ్ళాను. కరుణమ్మ గారు ఒక్కో సంచినీ కిటికీ వెలుగుకి ఎత్తి చూసి, "గాడి ఉంది" అని పక్కన పెట్టారు. మళ్ళీ ఇంకొకటి, "గాడి ఉంది." పన్నెండుసార్లు అన్నారు. నేను ఆవిడ పక్కనే నిలబడి పన్నెండుసార్లూ విన్నాను. ఏ ఒక్కసారి నోరు తెరిచినా సరిపోయేది.

ముందు నాలుగు సంచులు ఎక్కించి పన్ను తీశారు. నెత్తురు ఆగినట్టే ఆగి, సాయంత్రానికి మొదలైంది. ఎర్రటి జున్నులాంటి గడ్డ కట్టేది, కాసేపటికి జారి ఊడిపోయేది. మర్నాడు ఇంకో నాలుగు, ఆ మర్నాడు మిగతావి. నూకరాజు వరండాలో గొంతుక్కూర్చుని ఉండేవాడు. మొదటిరోజు తన సంచి ఎక్కుతుంటే తలుపు సందులోంచి చూసి, "నాదే, నాదే ఎక్కతన్నాది" అని పక్కవాళ్ళకి చూపించాడు. మూడోరోజుకి ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. అప్పన్న నోట్లో గుడ్డ కుక్కి ఉండేది. హాస్యాలన్నీ ఆగిపోయాయి. కళ్ళు మాత్రం గదిలోకి వచ్చిన ప్రతివాణ్ణీ వెతికేవి. నర్సులు, వంటవాడు, డాక్టరు కూడా నెత్తురిచ్చారు. అప్పటికప్పుడు ప్లాస్మా తీసి ఎక్కించి, పగలంతా దవడ మీద వేలు నొక్కిపెట్టి, తొమ్మిదోరోజుకి ఆపగలిగారు. బతికాడు. ముఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది.

యారాడలో వేరే మాట పుట్టింది. మన నెత్తురు పనికిరాలేదట, ఆసుపత్రివాళ్ళ నెత్తురు పనికొచ్చిందట. ఆ మాట అందరి మీద నుంచీ జారి ఒక్క నూకరాజు మీద నిలబడింది. "తాగుబోతు నెత్తురు మొదట ఎక్కించినారు, మిగతాది కూడా సెడగొట్టీసింది" అన్నారు. సన్యాసమ్మే అందట. నెల తిరక్కుండా అతను పారాదీప్ పోయి ఎవరి బోటులోనో కూలికి చేరాడని తెలిసింది.

ఆ రోజుల్లోనే కరుణమ్మ గారు ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీకి వచ్చారు. ఐసుపెట్టె లేదు. చేతిలో రూళ్ళ కాగితం ఉంది. "నువ్వు లెక్క తెలిసినవాడివి మూర్తీ. నా తప్పెక్కడుందో నాకు దొరకట్లేదు. చూసిపెట్టు" అన్నారు. నెత్తురు తీయడం దగ్గర నుంచి ఎక్కించడం దాకా పద్నాలుగు మెట్లు వరసగా రాశారు. ప్రతిదానికీ ఎదురుగా ప్రశ్నార్థకం. సూది ఆలస్యమైందా? ఫ్రిజ్జు ఎక్కువ వెచ్చగా ఉందా? ఎక్కించే ముందు నేను వేడినీళ్ళలో ఎక్కువసేపు ఉంచానా? పదకొండోది: "శీతల గదిలో నిలవ." దాని ఎదురుగా ప్రశ్నార్థకం లేదు. "మూర్తి షీటు చూశాను, సరి" అని రాసి ఉంది.

కాగితం ఆవిడ చేతికి తిరిగి ఇచ్చి, "పదకొండో దగ్గరండీ" అన్నాను.

ఆవిడ అరవలేదు. ముక్కాలిపీట మీద కూర్చుని ఒక్కొక్కటే అడిగారు. ఎన్ని గంటలు? ముల్లు ఎంత దగ్గర ఉంది? పన్నెండూనా? "గాడులు?" అని ఆగారు. "నేనే పెట్టానండి" అన్నాను. ఆవిడ పెదవులు కదలడం ఆగిపోయింది. చేతిలో కాగితం మడిచి అన్నారు: "నన్ను మోసం చేశావు. అది నా బాధ, నేను పడతాను. వాళ్ళ నెత్తురు మంచిదని వాళ్ళకెవరు చెప్తారు?"

డాక్టరుకి ఆవిడ నా ఎదుటే చెప్పారు. ఆయన తిట్టిన తిట్లు న్యాయమైనవి. ఫ్యాక్టరీ యజమానికి మాత్రం చెప్పనివ్వలేదు. చెబితే ఆ అర కూడా పోతుందని ఆవిడ భయం. కాబట్టి నా ఉద్యోగం పోలేదు. ఆవిడ మళ్ళీ సంచులు తెచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ ముల్లు ముందు తనే నిలబడి, అంకె తనే చూసి, తన పుస్తకంలో తనే రాసుకునేవారు. నేను వెనక నిలబడేవాణ్ణి. షీటు గోడ మీదే ఉండేది. దాని వైపు మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

యారాడకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. పడవల దగ్గర మగవాళ్ళు చేరారు. నేను లేచి, "మీ నెత్తురులో తప్పేమీ లేదు. మెషీను ఆగిపోయింది, మందు కరిగి పాడైపోయింది" అన్నాను. వాళ్ళలో ఒకడు వెంటనే తేలిగ్గా నవ్వేశాడు. "మెసీనుకేటి నమ్మకం బావా! మా ఇంజనూ నడిసంద్రంలో ఆగిపోద్ది." అందరూ తలూపారు. నాకు టీ ఇచ్చారు. కొండదారిన తిరిగి వస్తుంటే కరుణమ్మ గారు అన్నారు: "మెషీను చేసినది చెప్పావు. నువ్వు చేసినది చెప్పలేదు. వచ్చేవారం నేను రాను, నువ్వొక్కడివే వెళ్ళు."

వచ్చేవారం వెళ్ళలేదు. మూడు వారాలు వెళ్ళలేదు. నాలుగో ఆదివారం వెళ్ళి ముందు అప్పన్నకి చెప్పాను. వాడు వల మీంచి తలెత్తకుండా విన్నాడు. అల్లిక సాగుతూనే ఉంది. అంతా అయ్యాక అన్నాడు: "ఆ తొమ్మిది రోజులూ నోట్లో ఉప్పగా ఏటి దిగేదో తెల్సా బావా? మా మామ నెత్తురే కారిపోతన్నాదనుకున్నాను." నేను లేవబోతుంటే, "ఒక్కొక్కడి ఇంటికీ ఎల్లి సెప్పు. గుంపులో సెప్తే ఎవులికీ సెప్పినట్టు కాదు" అన్నాడు.

వెళ్ళాను. పదకొండు ఇళ్ళు, మూడు ఆదివారాలు. ఒకాయన ఉమ్మేశాడు. ఒకాయన "పోన్లే, కుర్రోడివి" అన్నాడు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. పన్నెండోది నూకరాజు ఇల్లు; అతను లేడు, సన్యాసమ్మకి చెప్పే ధైర్యం చాలక ఆ గుమ్మం ఎక్కలేదు. మరుసటి ఏడు గంగమ్మ పండక్కి నూకరాజు రెండురోజులు వచ్చాడని అప్పన్న కబురు పంపాడు: మామ రేపు ఎల్లిపోతాడు, ఇయ్యాలే రా. ఆ రోజు నాకు డ్యూటీ ఉంది. మార్చుకోవచ్చు, మార్చుకునేవాళ్ళు ఇద్దరున్నారు. మార్చుకోలేదు. మిగతా పదకొండు మందికీ చెప్పగలిగినవాణ్ణి అతని ముందు నిలబడలేననుకున్నాను. ఆర్నెల్ల తరవాత పారాదీప్ జెట్టీ మీద జారిపడి, తలకి దెబ్బ తగిలి అతను పోయాడు. కరుణమ్మ గారికి అప్పన్నే చెప్పాడు. ఆవిడ ఆ వారం సంచులు తెచ్చి, ముల్లు చూసి, అంకె రాసుకుని, "పండక్కి వచ్చాడటగా" అని మాత్రం అన్నారు.

తరవాతి వేసవిలో అప్పన్న మోకాలు మళ్ళీ వాచింది. యారాడ నుంచి ఆరుగురు నెత్తురివ్వడానికి వచ్చారు. ఐసుపెట్టె కోసం నేను ఆసుపత్రిలో ఉన్నాను. ఏడో మనిషి సన్యాసమ్మ. బల్ల మీద పడుకోకుండా అంచున కూర్చుని అడిగింది.

"అమ్మా, ఊళ్ళో ఏటేటో సెప్పుకుంటన్నారు గానీ నాకెవులూ ఎదరకొచ్చి సెప్పనేదు. ఆడి నెత్తురు పనికిరానేదు గదా. ఆడితో ఇరవయ్యేళ్ళు కాపరం సేసినదాన్ని. నాది పనికొత్తాదేటి?"

కరుణమ్మ గారి చేతిలో సూది ఉంది. ఆవిడ జవాబు చెప్పలేదు, నా వైపు చూడనూ లేదు. ఆగారంతే. ఆ ఆగడం ఎవరికోసమో నాకు తెలుసు.

"ఆయన నెత్తురు మంచిదేనమ్మా" అన్నాను. "నేను పాడుచేశాను. గది వదిలేసి గుడికి వెళ్ళాను. మందు కరిగిపోయింది. కరగనట్టు గుర్తులు నేనే పెట్టాను. షీటులో అబద్ధం రాశాను. ఆయన వచ్చినప్పుడు చెప్పడానికి భయపడి రాలేదు."

సన్యాసమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. తిడుతుందనుకున్నాను. "నానూ అన్నాను ఆణ్ణి" అంది. "తాగుబోతు నెత్తురని నానే అన్నాను. ఆడు మారు మాటాడనేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆడున్నప్పుడు సెప్పవలిసింది బాబూ." అని, బల్ల మీద వెనక్కి వాలి, చెయ్యి చాపింది. "తియ్యమ్మా."

"మూర్తీ, ఆ చెయ్యి కదలకుండా పట్టుకో" అన్నారు కరుణమ్మ గారు. పట్టుకున్నాను. అరచెయ్యి ఉప్పునీళ్ళకి పగిలి గరుగ్గా ఉంది. సంచి నిండడానికి పట్టిన పది నిమిషాలూ ఆమె పైకప్పు చూస్తూ పడుకుంది. చెయ్యి లాక్కోలేదు, నా చెయ్యి పట్టుకోనూ లేదు.

ఆ మరుసటి ఏడు ఆసుపత్రికి సొంత ఫ్రీజరు వచ్చింది, కరుణమ్మ గారు మా ఫ్యాక్టరీకి రావడం మానేశారు. నేను ఉక్కు కర్మాగారంలో చేరాను. ఇప్పుడు నా కింద ఆరుగురు ఆపరేటర్లున్నారు. ఏదైనా తప్పు జరిగితే వాళ్ళు నా దగ్గరికి వచ్చి, "ఆగిపోయింది సార్" అంటారు. నేను ఊరుకుంటాను. ఆవిడ ఆగినట్టే ఆగుతాను. కొందరు రెండో మాట చెబుతారు, కొందరు చెప్పరు. చెప్పనివాణ్ణి నేను కోప్పడలేను. సాయంత్రం డ్యూటీ దిగాక వాణ్ణి పక్కకి పిలిచి, యారాడలో ఒక ఇంటికి నేను సమయానికి వెళ్ళలేదని చెబుతాను.